చెయ్యి ఉన్న జాగ

మూడోసారి కూడా పిట్ట ముట్టలేదు.

మొదటిసారి కంపెనీ గేటు ముందు పెట్టారు. విస్తరాకులో అన్నం, కోడికూర, పక్కన ఎగ్‌పఫ్. బీహారు నుంచి బతుకుదెరువుకు వచ్చిన సెక్యూరిటీ గార్డు "మాజీ, ఇదర్ నై, సాబ్ గుస్సా కరేంగే" అని, ఇక్కడ పెడితే సారు కోప్పడతాడన్నట్టు చేతులు జోడించాడు. కాకి రాకముందే కుక్క వచ్చింది. రెండోసారి చిట్కుల్ శ్మశానంలో పెట్టారు. అక్కడ కాకులకు కొదవ లేదు. గోడ మీద వరసగా కూర్చున్నాయి, మెడలు వంచి చూశాయి, లేచిపోయాయి. మూడోసారి మంజీర ఒడ్డున. అక్కడ కొంగలు తప్ప మరేమీ లేవు.

"బొంద లేని పీనుగకు పిట్ట యాడికని వస్తది?" అన్నాడు కులపెద్ద కొమురయ్య తిరిగి వస్తూ. ఆయన కసిగా అనలేదు, అలసిపోయి అన్నాడు. మల్లన్న తల వంచుకుని నడిచాడు. ఆయన భార్య బీరమ్మ ఖాళీ గిన్నెను చంకలో పెట్టుకుని అందరికంటే వెనక నడిచింది. ఆమె ముఖం ఎవరికీ కనిపించలేదు. కనిపించి ఉంటే ఆ ముఖంలో ఉన్నది దుఃఖం కాదని, ఊరట అని తెలిసిపోయేది.

బీరమ్మ వాళ్లలో పోయిన మనిషిని పూడుస్తారు. మూడో నాడు ఆ బొంద మీద, పోయినవాడు ఇష్టంగా తినేవన్నీ పెట్టి దూరం జరుగుతారు. కల్లు తాగేవాడైతే కల్లు, బీడీ తాగేవాడైతే బీడీ. కాకి వచ్చి ముట్టాలి. ముడితే వాడు తిన్నట్టు, కడుపు నిండి తన దారిన తాను పోయినట్టు. ముట్టకపోతే వాడి మనసులో ఏదో మిగిలిపోయినట్టు, ఆకలితో ఇంటి చుట్టూ తిరుగుతున్నట్టు. అప్పుడు పెద్దలు కాకి వినేలా మాటలిస్తారు, నీ చెల్లెను చదివిస్తాం, నీ తల్లిని మంచిగా చూసుకుంటాం అని. పంతొమ్మిదేళ్ల శ్రావణ్‌కు ఆ మాటలన్నీ ఇచ్చారు. కానీ వాడికి బొంద లేదు.

వాడు చిట్కుల్‌కు దగ్గర్లోని మందుల కంపెనీలో కాంట్రాక్టు హెల్పర్. పేలుడు జరిగిన పొద్దు వాడు ఇంటికి రావలసినవాడు. రాత్రి డ్యూటీ చేసినవాణ్ణి, పొద్దుటి మనిషి రాలేదని ఇంకో షిఫ్టుకు ఆపారు. రియాక్టర్ వేడి పట్టు తప్పుతున్నదని అక్కడి కూలీలు అంతకు ముందు నుంచే చెప్తున్నారు. చెప్పినవాళ్లను "పని ఇష్టం లేకుంటే పోండ్రి, గేటు బయట పదిమంది నిలబడ్డరు" అన్నారు. ఆ మాట అన్నవాళ్లెవరూ ఆ పొద్దు ఆ షెడ్డులో లేరు. చిట్కుల్‌లో బీరమ్మ వంటింటి గిన్నెలు కిందపడేంత చప్పుడైంది.

తర్వాత శవాలు దొరికాయి. శవాలు కానివి కూడా దొరికాయి. వాటిని సంచుల్లో వేసి దవాఖానకు చేర్చారు. బీరమ్మ, మల్లన్న ఇద్దరూ రక్తం ఇచ్చారు. ఏ సంచీతోనూ కలవలేదు. ఆఖరికి ఒక అధికారి, మంచివాడే పాపం, కుర్చీ ముందుకు జరుపుకుని మెల్లగా చెప్పాడు: ఆ వేడికి ఎముక కూడా నిలవదమ్మా, మీ అబ్బాయిని ఆచూకీ దొరకనివాళ్లలో రాస్తున్నాం.

ఆచూకీ దొరకనివాడు. ఆ మాటను బీరమ్మ కొంగున ముడి వేసుకుంది. ఆచూకీ దొరకలేదంటే చచ్చిపోయినట్టు కాదు గదా. దెబ్బ తగిలి, మతి తప్పి, ఏ రైలో ఎక్కి ఉంటాడు. లింగంపల్లి స్టేషన్లో చెయ్యి కాలిన పిల్లగాడు ఒకడు తిరుగుతున్నాడని ఎవరో అంటే అక్కడ ప్లాట్‌ఫారమ్ మీద పొద్దంతా కూర్చుని వచ్చింది. శిథిలాలను జేసీబీతో ఎత్తి లారీల్లో ఎటో పంపేశారని, కాలిన షెడ్డు చుట్టూ నీలిరంగు రేకులు కట్టారని, పక్క బ్లాకులో పని మళ్లీ మొదలైందని తెలిసినప్పుడు కూడా ఆమె ఆశ చావలేదు. పిట్ట ముట్టనన్నాళ్లు కొడుకు ఎక్కడో ఉన్నట్టే.

మల్లన్న బాధ వేరు. ఆయనకు కొడుకు కలలోకి వస్తున్నాడు. వచ్చి ఏమీ అడగడు. పొయ్యి దగ్గర కూర్చుని ఖాళీ కంచం వైపు చూస్తాడు.

"ఆకలైతుందే వానికి," అన్నాడు ఒక పొద్దు భార్యతో. "డబల్ డ్యూటీ చేసినోడు. పొద్దుగాల ఏం తినకుంటనే మల్ల పనికెక్కిండు. గట్లనే తిరుగుతుండు."

బీరమ్మ లేచి పొయ్యిలోని బూడిద ఎత్తసాగింది.

"వాడు ఈ భూమ్మీద యాడన్న ఒక్క జాగల మిగిలిండా? గోరో, ఎంటికో? ఏమన్న ఉంటే ఆడ పెట్టొచ్చు."

కూతురు సృజన ఇంటర్ చదువుతున్నది. అన్న పాత చొక్కాలు, దువ్వెన అన్నీ దవాఖానవాళ్లు అడిగినప్పుడు తనే తీసుకుపోయి ఇచ్చింది. ఇంట్లో ఏమీ మిగల్లేదు. అప్పుడు బీరమ్మ నోట్లోంచి, ఆమె వద్దనుకుంటూనే, ఒక మాట జారింది.

"వాని చెయ్యి ఉన్నది."

తండ్రీ కూతుళ్లు ఉలిక్కిపడి చూశారు.

"మా తల్లిగారి ఊర్ల. మ్యూజియంల."

*

సంగారెడ్డి దాటి లోపలికి పోతే బీరమ్మ పుట్టిన ఊరు. ఊరి పక్కన పెద్ద మట్టిదిబ్బ. రెండు వేల ఏళ్ల కిందట అక్కడ పట్నం ఉండేదట. సముద్రపు రేవుల్లో దిగిన సరుకు బండ్ల మీద అక్కడి దాకా వచ్చేదట. పెళ్లయ్యాక ఒక ఎండాకాలం ఆ దిబ్బను తవ్వడానికి సర్కారువాళ్లు వచ్చారు. మల్లన్న అప్పుడు కంపెనీ ట్యాంకర్లు కడిగే పనిలో ఉండి, దగ్గుతో మంచాన పడ్డాడు. బీరమ్మ పిల్లవాణ్ణి చంకనేసుకుని తల్లిగారింటికి పోయి ఆ తవ్వకంలో తట్టలు మోసింది. శ్రావణ్‌కు అప్పుడు నడక కొత్త. తవ్విపోసిన మట్టికుప్పల మీద దొర్లేవాడు. పాత పూసలు ఏరి నోట్లో పెట్టుకునేవాడు. తవ్వకం సార్లు పరుగెత్తుకొచ్చి నోట్లో వేలు పెట్టి తీసేవారు.

తవ్వకంలో మనిషి ఎత్తు మట్టి బాన ఒకటి బయటపడింది. పగుళ్లు అతికించి, మ్యూజియం వెనక పెరట్లో సిమెంటు దిమ్మె కట్టి దాని మీద నిలబెట్టారు. దిమ్మె ఇంకా పచ్చిగా ఉండగానే శ్రావణ్ అరచేయి ఆనించాడు. మేస్త్రి తిట్టి తాపీతో రుద్దబోతే పెద్దసారు నవ్వి "ఉండనీయవోయ్, ఇంకో రెండువేల ఏండ్లకు ఎవరన్న తవ్వుకుంటరు" అన్నాడు. కూలీలంతా నవ్వారు. బీరమ్మ కూడా నవ్వింది.

*

ఇస్నాపూర్ చౌరస్తా బేకరీలో సృజన ఎగ్‌పఫ్ కొన్నది. రోజూ డ్యూటీకి పోయే ముందు శ్రావణ్ అక్కడే నిలబడి తినేవాడు.

"పఫ్ పిట్ట తింటదా?" అన్నాడు మల్లన్న.

"తినేది అన్న గదా బాపూ."

బస్సు కంపెనీ ముందు నుంచే పోయింది. నీలి రేకుల మీద ఎవరో కొత్త బ్యానర్ కట్టారు. హెల్మెట్ పెట్టుకున్న బొమ్మ నవ్వుతూ, భద్రతే మన ధర్మం అంటున్నది. బస్సులో సగం మంది అటు చూడకుండా తలలు తిప్పుకున్నారు. వాళ్లలో చాలామంది అక్కడో, అలాంటి చోటో పనికి పోయేవాళ్లే.

మ్యూజియం చిన్నది. ఒక హాలు, రెండు గదులు, వెనక పెరడు. వాళ్లు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. వాచ్‌మన్ యాదన్న పెరటి గోడ దగ్గర నిలబడి టిఫిన్ డబ్బా దులుపుతున్నాడు. రొట్టె ముక్కలు కింద పడ్డాయి. బీరమ్మ దూరం నుంచే గుర్తుపట్టింది. తవ్వకంలో ఆమె తలకు తట్ట ఎత్తింది అతనే. తవ్వకం అయిపోయాక ఇక్కడే ఉండిపోయాడు. ఇన్నేళ్లయినా ఔట్‌సోర్సింగే.

"ఎవరది... బీరమ్మ చెల్లెనా?" అతను కళ్లు చికిలించాడు. "అరె, ముసలిదానివైనవేందే! తట్ట నిండుగ ఎత్తుతున్నవని నన్ను ఎన్ని తిట్లు తిట్టినవ్, యాదికున్నదా?"

"నీ తట్టలు ఎత్తి ఎత్తే నడుము పోయింది యాదన్నా."

"బావా, కూసో. మరి గా దొంగపొరడు ఏడి? పూసలు మింగేటోడు? పెద్దోడైండా?"

సృజన ముఖం తిప్పుకుంది. మల్లన్న చేతిలో కట్టిన విస్తరాకులు, కూరగిన్నె యాదన్న కంటపడ్డాయి.

"గా పేలిన కంపెనీలనా?" అన్నాడు.

మల్లన్న తలూపాడు. వచ్చిన పని చెప్పాడు.

యాదన్న డబ్బా మూత పెట్టాడు. "లోపట తిండి పెట్టొద్దు బావా. సార్ చూసిండంటే నన్ను రేపు రావద్దంటడు." ఇంకొంచెం ఆలోచించాడు. "సార్ సంగారెడ్డి పోయిండు, ఇప్పుడిప్పుడే రాడు. ముందు టికెట్ తీస్కోని లోపటికెంచి రాండ్రి. ఎవరన్న అడుగుతే చూడనీకె వచ్చిండ్రని చెప్త."

అలా వాళ్లు తమ బిడ్డ దగ్గరికి టికెట్ కొనుక్కుని పోయారు.

హాల్లో గాజు పెట్టెలు. పూసలు, దంతపు గాజులు, మట్టి పొట్టేలు, సీసపు నాణేలు. ప్రతిదాని కింద చిన్న చీటీ. ప్రతిదాని మీదా పసుపుపచ్చ లైటు. ఒక పెట్టె ముందు బీరమ్మ ఆగింది. తెల్లటి దూది పరచి, దాని మీద ఒకే ఒక పన్ను పెట్టారు.

"గిదెవరిది యాదన్నా?"

"గుర్రంది చెల్లె. మనమే తవ్వినం. మట్టి జల్లెడ పట్టంగ దొరికింది. నువ్వు మోసిన తట్టల్నే ఉండొచ్చు."

బీరమ్మకు గుర్తొచ్చింది. తీసిన ప్రతి తట్టనూ జల్లెడ పట్టేవాళ్లు. సార్లు బొక్కబోర్లా పడుకుని బ్రష్షులతో మట్టిని దులిపేవాళ్లు, నిద్రపోతున్న పసిబిడ్డ ముఖం మీది దుమ్ము దులిపినట్టు. కూలీల్లో ఎవరైనా పార గట్టిగా వేస్తే "జెర పైలం! జెర పైలం!" అని అరిచేవాళ్లు.

"గుర్రం పన్నుకు దూది పరిచిండ్రు," అన్నది ఆమె. "నా కొడుకు మీదికి జేసీబీ పంపిండ్రు."

హాల్లో ఉన్నది వాళ్లు నలుగురే. ఆ మాటకు జవాబు చెప్పవలసినవాళ్లెవరూ అక్కడ లేరు. జవాబు చెప్పవలసినవాళ్లు ఇలాంటి చోట్లకు రారు.

పెరట్లో గడ్డి మోకాళ్ల ఎత్తు పెరిగింది. బాన ఒక పక్కకు ఒరిగింది. దిమ్మె మీద ఎన్నిసార్లో సున్నం కొట్టారు. సున్నం మీద పాచి పట్టింది. బీరమ్మ వంగి వెతికింది. ఒక వైపు లేదు. ఇంకో వైపు లేదు. అప్పుడు సృజన "అమ్మా, గిక్కడ" అన్నది, గడ్డి పక్కకు లాగి.

బీరమ్మ చతికిలబడింది. సీసాలోని నీళ్లు పోసి, కొంగుతో రుద్దింది. సున్నం పొరలుగా ఊడింది. నాలుగు వేళ్లు తేలాయి. బొటనవేలి జాగలో చిన్న గీత, తాను వాణ్ణి వెనక్కి లాగినప్పుడు పడింది. అరచేయి ఎంతుంది? రేగుపండ్లు నాలుగు పట్టేంత. ఆమె తన వేళ్లు అందులో పెట్టబోయింది. పట్టలేదు. చిటికెనవేలు ఒక్కటే పట్టింది. అది పెట్టి అలాగే కూర్చుంది. సిమెంటు ఎండకు వెచ్చగా ఉంది.

"ఇగ లెవ్వే," అన్నాడు మల్లన్న. "మనం దూరం జరగాలె."

దిమ్మె మీద విస్తరి పరిచారు. అన్నం, కూర, ఎగ్‌పఫ్. మల్లన్న కొబ్బరికాయ కొట్టలేదు, చప్పుడు అవుతుందని. నలుగురూ పోయి గోడ నీడలో నిలబడ్డారు. ఉడుత ఒకటి వచ్చి బాన ఎక్కి దిగింది. యాదన్న మాటిమాటికీ గేటు వైపు చూస్తున్నాడు.

"రా బిడ్డా," అన్నాడు మల్లన్న చేతులు జోడించి. "నీ చెల్లెను చదివిస్త. నీ అమ్మను ఏమనను. ఆ కంపెనోళ్లను ఇడిసిపెట్ట, నీ మీద ఒట్టు. వచ్చి ఇంత తిను నాయినా."

బీరమ్మ పెదవులు కూడా కదులుతున్నాయి. మల్లన్న అది మొక్కు అనుకున్నాడు. ఆమె అంటున్నది ఒకటే మాట: రాకు. రాకు బిడ్డా. నువ్వు యాడున్నవో ఆడనే ఉండు.

కాకి వచ్చింది.

గోడ మీద వాలింది. దిమ్మె మీదికి దిగింది. అన్నం వైపు, కూర వైపు కన్నెత్తి చూడకుండా పఫ్ దగ్గరికి గెంతి ముక్కుతో పొడిచింది.

"హుష్!" బీరమ్మ కాలి చెప్పు విసిరి పరుగెత్తింది. "పో! పోవే! నీ నోట్ల మన్నువడ, పో!"

చెప్పు బానకు తగిలి కింద పడింది. కాకి ముక్కున పఫ్ ముక్కతో లేచి గోడ దాటి పోయింది.

"ముట్టింది," అన్నాడు మల్లన్న. మోకాళ్ల మీద కూలబడి మళ్లీ అన్నాడు. "ముట్టింది. తిన్నడు. నా కొడుకు తిన్నడు."

"ఏం ముట్టింది? ఎవడు తిన్నడు?" బీరమ్మ ఆయన భుజాలు పట్టి ఊపింది. "అది ఉత్తకాకి! తిండి కనబడ్డది, వచ్చింది! నా కొడుకు సావలే! నువ్వు సంపుతున్నవ్ వాణ్ణి, నువ్వు!"

"అమ్మా, ఊకో అమ్మా."

బీరమ్మ యాదన్న వైపు తిరిగింది. "యాదన్నా, నువ్వు చెప్పు. నీకెరుకే గదా. ఈ కాకి రోజు వస్తది గదా? రోజు ఈడనే తింటది గదా?"

యాదన్న ఆమెను చూశాడు. మోకాళ్ల మీద ఉన్న మల్లన్నను చూశాడు. ఎన్ని రోజులుగానో నిద్ర లేని ఆ మనిషి, తీర్పు వినబోయేవాడిలా తల ఎత్తి ఉన్నాడు.

"లేదు చెల్లె," అన్నాడు. "ఈ పెరట్లకు కాకులు రావు. ఇన్నేండ్లల్ల నేనెన్నడు చూడలే."

అతని కాళ్ల దగ్గర, గోడ వారన, మధ్యాహ్నం దులిపిన రొట్టె ముక్కల్లో ఒక్కటి కూడా మిగిలి లేదు. బీరమ్మకు అది కనిపించింది. ఆ మాట అనడానికి నోరు తెరిచింది. మల్లన్న ఏడుస్తున్నాడు. పేలుడు జరిగిన నాటి నుంచి ఆయన ఏడవలేదు. ఇప్పుడు సృజన ఒళ్లో తల పెట్టి, పొట్ట పట్టుకుని, చిన్నపిల్లవాడిలా ఏడుస్తున్నాడు.

బీరమ్మ నోరు మూసుకుంది.

చాలాసేపటి తర్వాత, తవ్వకం నాటి పాత మట్టికుప్ప గడ్డి కింద ఎక్కడుందో వెతుక్కుని పోయి, పిడికెడు మట్టి తీసి కొంగున ముడి వేసుకుంది.

"గీడనే పొయ్యరాదే, వాని చెయ్యి మీద," అన్నాడు మల్లన్న.

"గిది వాడు బతికున్నప్పటి జాగ," అన్నది బీరమ్మ. "ఈడెందుకు పోస్త?"

*

తిరిగి వచ్చేటప్పుడు ఆమె ఇస్నాపూర్ దాకా పోలేదు. కంపెనీ ముందు బస్సు ఆపించి దిగింది. వెనకాలే వాళ్లిద్దరూ దిగారు. షిఫ్టు మారే వేళ. కుర్రవాళ్లు టిఫిన్ డబ్బాలతో లోపలికి పోతున్నారు. కొందరు బయటికి వస్తున్నారు, కళ్లు ఎర్రగా, గుడ్డలు మందు వాసనతో. గేటు దగ్గర ఆ బీహారు గార్డే ఉన్నాడు.

"ఫిర్ ఆగయే మాజీ? ఖానా మత్ రఖో, ప్లీజ్."

"తిండి కాదు బిడ్డా," అన్నది బీరమ్మ. "తిన్నడు వాడు."

ఆమె కొంగు ముడి విప్పి, గేటు ముందర, సరిగ్గా గేటు దొర్లే ఇనుప పట్టా దగ్గర మట్టి పోసింది. మల్లన్న వంగి చేత్తో తాకాడు. సృజన కూడా. శవం మీద మట్టి వేసేటప్పుడు ముట్టుకున్నట్టు. గార్డుకు వాళ్ల భాష తెలియదు, పని తెలిసింది. టోపీ తీసి నిలబడ్డాడు.

లోపలికి పోవడానికి పెద్ద కారు వచ్చింది. హారన్ కొట్టింది. గార్డు టోపీ పెట్టుకుని, వాళ్లను పక్కకు జరగమని సైగ చేసి, గేటు తీశాడు. నల్ల అద్దాల వెనక ఎవరున్నారో కనిపించలేదు. కారు టైరు మట్టి మీద నుంచి పోయింది. మట్టి చెదిరింది, కొంత టైరుకు అంటుకుంది. కారు నీలి రేకుల పక్క నుంచి మలుపు తిరిగి లోపలికి పోయేదాకా బీరమ్మ కన్నార్పకుండా చూసింది.

"వాని కాడికి చేరింది," అన్నది.

అప్పుడు ఆ గేటు ముందే కూర్చుని, చేతులు నేలకేసి కొట్టుకుంటూ, కొడుకు చచ్చిపోయాడని మొదటిసారి ఏడ్చింది.